పెరట్లో కిక్కిస మడి: వాడుక నీళ్లు బాగుచేసే పని డైరీ

ఫాల్గుణం: ఎందుకు పెట్టుకున్నాం

మా ఇంట్లో స్నానాల నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు, బట్టలుతికిన నీళ్లు ఇన్నాళ్లూ వెనక గోడ కన్నంలోంచి మురుగు కాలువలోకి పోయేవి. వాటిని పెరట్లోనే ఒక కంకర మడిలోకి మళ్లించి, కిక్కిస, జమ్ము (రెండూ నీటి అంచున పెరిగే పొడుగాటి గడ్డి మొక్కలు) వేళ్ల మధ్య నుంచి నడిపించి, చివర అరటి మొక్కలకు వదలాలని ఈ పని పెట్టుకున్నాం. మరుగుదొడ్డి నీళ్లు ఇందులో కలవవు, అవి ఎప్పటిలా సెప్టిక్ ట్యాంకుకే పోతాయి. ఎవరైనా చేసుకోవాలనుకుంటే పనికొస్తుందని కొలతలతో సహా రాసి పెడుతున్నాను.

మాది కైకలూరుకీ ఆకివీడుకీ మధ్యన ఒక ఊరు. మురుగు కాలువ వెంట నడిచి వెళ్తే చేపల చెరువులు, అవి దాటితే కొల్లేరు. పైనుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి అందులోనే కలుస్తాయి. దార్లో ఉన్న ఊళ్ల మురుగూ, పొలాల్లో చల్లిన ఎరువూ వాటితో పాటే వస్తాయి. బయటికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే, అది దాదాపు 60 కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తుంది. 1999లో కొల్లేరులో అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత) వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది. 2002 ఆగస్టులో రామ్‌సర్ గుర్తింపు, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చోటు, వచ్చింది.

మా మామ్మ కాపురానికి వచ్చిన కొత్తలో కొల్లేటి నీళ్లే తాగేవాళ్లట. కావిళ్లతో తెచ్చి, చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపితే తేరుకునేవట. "అప్పుడూ ఊళ్లున్నాయి, గొడ్లున్నాయి, మురుగూ వచ్చి కలిసేదేగా మామ్మా, మరి నీళ్లెలా బాగుండేవి?" అని అడిగాను. "కిక్కిసల్లోంచి వడిసి వచ్చిన నీళ్లు నాన్నా అవి" అంది. ఆ వడకట్టడం ఎలా జరుగుతుందో దగ్గరుండి చూడాలని నాకు చాలా కాలంగా ఉంది.

పద్ధతి కొత్తదేం కాదు. జర్మనీలో కేథె జైడెల్ అనే శాస్త్రవేత్త 1950ల్లోనే తుంగ, రెల్లు లాంటి నీటి మొక్కలు పెంచి మురికి నీళ్ల మీద ప్రయోగాలు చేశారు. మన దేశంలో కోల్‌కతా నగరం మురుగుని తూర్పు వైపున్న మడుగులు, చేపల చెరువులు దశాబ్దాలుగా బాగుచేస్తున్నాయి. ధ్రువజ్యోతి ఘోష్ అనే ఇంజినీరు 1980ల్లో ఆ సంగతి వెలుగులోకి తెచ్చి, జీవితమంతా వాటిని కాపాడే పనిలోనే గడిపారు. ఆ 12,500 హెక్టార్లకూ రామ్‌సర్ గుర్తింపు కొల్లేరుతో పాటే, అదే 2002 ఆగస్టులో వచ్చింది. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ (మెట్ట పంటల పరిశోధన సంస్థ) వాళ్లు ఊళ్ల మురుగునీటికి ఇలాంటి మళ్లు కట్టించి, ఆ నీళ్లు పంటలకు పెట్టించారు. నాకు కావలసింది అందులో ఒక ఇంటికి సరిపడా ముక్క.

ఉగాది ముందు: లెక్క

ఇంట్లో ఐదుగురం. మనిషికి రోజుకు 70 లీటర్ల వాడుక నీళ్లు అనుకుంటే 350 లీటర్లు. ఇవి మడిలో కనీసం మూడు రోజులైనా ఉండాలి. మొత్తం పనిలో నేను గట్టిగా పట్టుకున్న అంకె ఇదొక్కటే. ఎన్ని మొక్కలు, ఏ మొక్కలు అనేది తర్వాతి మాట. నీళ్లు లోపల ఎంతసేపు ఉంటాయనేదే ముందు తేలాలి.

కంకర నింపిన గోతిలో నీళ్లకు మిగిలే చోటు ఎంత? దీనికి పుస్తకాలు తిరగేయక్కర్లేదు. ఇరవై లీటర్ల బకెట్టు నిండా 20 ఎం.ఎం. కంకర పోసి, లీటరు చెంబుతో నీళ్లు కొలిచి పోశాను. ఎనిమిది చెంబులకు అంచుకు వచ్చేశాయి. అంటే వందలో నలభై వంతులు ఖాళీ. మడి పొడవు 13 అడుగులు, వెడల్పు 5 అడుగులు, లోతు 2 అడుగులు అనుకున్నాం. అందులో నీళ్లు నిలిచేది 20 అంగుళాల వరకే. ఆ లెక్కన నీళ్లు సుమారు 1,200 లీటర్లు పడతాయి. రోజుకు 350 లీటర్లు లోపలికి వస్తే, ఇవాళ పోసిన చెంబెడు నీళ్లు బయటికి రావడానికి దాదాపు మూడున్నర రోజులు. సరిపోతుంది.

పైన నాలుగంగుళాల కంకర ఎప్పుడూ పొడిగానే ఉండాలి. నీళ్లు ఎక్కడా బయటికి కనిపించవు కాబట్టి దోమ గుడ్లు పెట్టడానికి చోటుండదు. ఇంటి పక్కన కట్టేదానికి ఈ నాలుగంగుళాలు చాలా ముఖ్యం.

మేస్త్రి వచ్చి తాడు పట్టి కొలిచి, "చేపల తొట్టా బాబూ? అయితే లోతు చాలదండి" అన్నాడు. చేపలకు కాదు, నీళ్లు నిదానంగా నడవడానికని చెప్పాను. "ఎక్కువ లోతు తవ్వితే ఎక్కువ నీళ్లు పడతాయి కదండీ మరి?" ఆయన అడిగింది సరైన ప్రశ్నే. లోతు పెరిగితే నీళ్లయితే ఎక్కువ పడతాయి గానీ వేళ్లు అడుగుదాకా దిగవు. వేళ్లు లేని చోటికి గాలి చేరదు. అందుకే రెండు అడుగులతో ఆపాం.

అశ్విని కార్తె: తవ్వకం, కంకర

మా నేల జిగట నల్లమట్టి. వానాకాలంలో చుక్క ఇంకదు, ఎండాకాలం వేలు దూరేంత నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల్లోంచి మురికి నీళ్లు కిందికి పోకూడదు. సిమెంటు పోయిద్దామంటే ఖర్చు. రొయ్యల చెరువుల అడుగున పరిచే నల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు ఈ చుట్టుపక్కల ఎక్కడైనా దొరుకుతుంది. ఒక చెరువు దగ్గర పని అయ్యాక మిగిలిన ముక్క మా బాబాయ్ ఇప్పించాడు. గోతి అడుగున రెండంగుళాలు ఇసుక పోసి, దాని మీద షీటు పరిచాం. లోపలికి వచ్చే వైపు నుంచి బయటికి పోయే వైపుకు అడుగు భాగం ఒకటిన్నర అంగుళం వాలు ఇచ్చాం. అంతకంటే అక్కర్లేదు.

మడి ముందు జిడ్డు తొట్టి. నూతికి వాడే సిమెంటు వరలు రెండు పక్కపక్కన దింపి, అడుగు పూడ్చి, మధ్యలో పైపు పెట్టాం. వంటింటి నీళ్లలో నూనె పైకి తేలుతుంది, మెతుకులు అడుగుకు దిగుతాయి. మధ్యలో ఉన్న నీళ్లే పక్క వరలోకి పోయేలా పైపుకు టీ ఆకారం ముక్క బిగించి, కింది మూతిని ఒక అడుగు లోతుకు దించాం. చూడ్డానికి చాలా చిన్న పని. కానీ నూనె లోపలికి వెళ్లిందంటే కంకర సందులు మూసుకుపోతాయి, అప్పుడు ఎన్ని కిక్కిసలు నాటినా లాభం లేదు. వారానికోసారి ఆ తెట్టు తీసి పేడకుప్పలో వేస్తున్నాం.

కంకర కడగడం అన్నిటికంటే పెద్ద పని. క్వారీ నుంచి వచ్చిన దానికి బూడిద రంగు పొడి అంటుకుని ఉంటుంది. అది అలాగే పోస్తే బకెట్టులో లెక్క కట్టిన ఆ నలభై వంతుల ఖాళీలో సగం పొడితోనే నిండుతుంది. జల్లెడలో పోసి, గొట్టంతో తడుపుతూ, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాం. మొదటి అడుగున్నర, చివరి అడుగున్నర 40 ఎం.ఎం. రాళ్లు, మధ్యలో 20 ఎం.ఎం. కంకర. నీళ్లు మడి వెడల్పంతా ఒకే తీరుగా పరుచుకోవాలి కాబట్టి, ముందు వైపు అడ్డంగా చిల్లులు పెట్టిన పీవీసీ పైపు వేశాం. బయటికి పోయే పైపు చివర ఎల్బోని (వంపు ముక్కని) గమ్ పెట్టకుండా వదిలేశాం. దాన్ని పైకీ కిందికీ తిప్పితే లోపలి నీటి మట్టం దానితో పాటే మారుతుంది.

భరణి కార్తె: మొక్కలు

కిక్కిస దుంపలు అభయారణ్యం లోపల తవ్వకూడదు. మా పంట కాలువ గట్టున కావలసినంత ఉంది. రెండు మూడు కణుపులుండే దుంప ముక్కలు తెచ్చి, అడుగుకొకటి చొప్పున, మొలక పైకి ఉండేలా ఏటవాలుగా గుచ్చాం. జమ్ము మురుగు కాలువలోంచే పీకాం, ఆకులు అడుగు ఎత్తున కోసి నాటాం. చివర్లో మెట్టతామర, పక్కింటి పిన్ని ఇచ్చిన వస దుంపలు. గుర్రపుడెక్క మాత్రం వేయలేదు. అదీ మురికి పీల్చుకునేదే. కానీ నీటి మీద పరుచుకుని ఎండనూ గాలినీ ఆపేస్తుంది, చచ్చి కుళ్లినప్పుడు పీల్చుకున్నదంతా మళ్లీ నీళ్లలోకే వదులుతుంది. దాన్ని తీయడానికి మా కాలువల్లో ఏటా పడే అవస్థ చూస్తూ ఉన్నవాళ్లెవరూ కావాలని తెచ్చి ఇంట్లో వేసుకోరు.

నాటేటప్పుడు ఒక జమ్ము ఆకుని మొదలు దగ్గర బ్లేడుతో అడ్డంగా కోసి చూశాను. లోపల గుజ్జు కొంచెమే, మిగతాదంతా గదులు. ఒక్కో గది గోడ కాగితం కంటే పలచన. కోసిన ముక్కని నీళ్లలో ముంచి వేళ్లతో నొక్కితే బుడగలు వరస కట్టి వచ్చాయి. బురదలో, గాలి ఆడని చోట ఈ మొక్క వేళ్లు కుళ్లిపోకుండా ఉండేది ఈ గదుల వల్లే. ఆకు నుంచి గాలి వాటిలోంచే వేరు చివరికి దిగుతుంది. కొంచెం ఆక్సిజన్ వేరు చుట్టూ బయటికీ కారుతుంది. అందుకే వేరుని ఆనుకుని గాలి ఉన్న పలచని పొర, దానికి వెంట్రుకవాసి దూరంలో గాలి లేని చోటు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. నీళ్లు బాగుపడటంలో అసలు కిటుకు ఇదే. అది ఎలాగో కింద రాస్తాను.

మొదట మురికి నీళ్లు వదల్లేదు. పంట కాలువ నీళ్లతో నింపి, వేళ్లు పట్టేదాకా మట్టం కంకర పైదాకా ఉంచాం. ఊరి చెరువు అంచున పాకుడు పట్టిన రాళ్లు బకెట్టెడు తెచ్చి లోపల కలిపాం. కొత్త చిగుళ్లు జానెడు లేచాక ఎల్బో కిందికి తిప్పి, సగం వాడుక నీళ్లు, మరికొన్నాళ్లకు మొత్తం వదిలాం.

కృత్తిక కార్తె: మొదటి పరీక్షలు

మా ప్రాంతంలో ఉన్న పెద్ద సౌకర్యం, నీటి పరీక్ష కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఆక్వా రైతుల ఇళ్లలో కిట్లుంటాయి. మురికి కుళ్లితే అమ్మోనియా పుడుతుంది, అది మారితే నైట్రైట్. బాబాయ్ ఆ రెండూ కొలిచే తన కిట్లు ఇచ్చాడు. గాజు గొట్టంలో నీళ్లు పోసి, చుక్కలు వేసి, రంగు చూసుకోవడమే. అమ్మోనియా కిట్‌లో పసుపు వస్తే లేనట్టు, ఆకుపచ్చ ముదిరేకొద్దీ ఎక్కువున్నట్టు.

మొదటి వారాల్లో లోపలికి వచ్చే నీళ్లదీ, బయటికి పోయే నీళ్లదీ ఆకుపచ్చే. తేరుకోవడం మాత్రం అప్పటికే మొదలైంది. రెండు గాజు సీసాల్లో పోసి వెనక దినపత్రిక పెడితే, లోపలికి వచ్చేవాటిలోంచి పెద్ద శీర్షిక కూడా మసకగా కనిపించింది, బయటికి వచ్చేవాటిలోంచి చిన్న అక్షరాలు చదవగలిగాం. అంటే తేలే మురికి రాళ్ల మధ్య ఆగిపోతోంది. కరిగి ఉన్న మురికి ఇంకా అలాగే ఉంది.

కరిగినదాన్ని తీసేది మొక్క అనుకుంటారు చాలామంది. మొక్క తీసుకునేది కొంత భాగమే. ఎక్కువ పని చేసేది కంకరకీ వేళ్లకీ పట్టే పాకుడు. ముందు వైపు నుంచి ఒక రాయి తీసి చూస్తే ముంజె మీది పొరంత పలచగా, జారుడుగా ఉంది. ఆ పొర నిండా బ్యాక్టీరియా. మన సబ్బు, చెమట, అన్నపు గంజి వాటికి తిండి. కొన్ని అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తాయి, వేరే రకం వచ్చి ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండు పనులకీ గాలి కావాలి. ఆ తర్వాత గాలి లేని చోట ఉండే ఇంకో రకం, నైట్రేట్‌లోని ఆక్సిజన్ వాడుకుని, మిగిలిన నైట్రోజన్‌ని వాయువుగా వదిలేస్తాయి. అది బుడగై పైకి లేచి గాలిలో కలిసిపోతుంది. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే. గాలి ఉన్న చోటు, లేని చోటు పక్కపక్కనే ఉండాలని ఇందాక అన్నది ఇందుకే. రెండిటిలో ఏది లేకపోయినా పని సగంలో ఆగుతుంది.

కొన్నాళ్లకు ఒక పొద్దున నైట్రైట్ గొట్టం గులాబీ రంగు తిరిగింది. రొయ్యల చెరువులో అది కనిపిస్తే టెన్షన్. ఇక్కడ మంచి కబురు, మొదటి రకం బ్యాక్టీరియా నిలదొక్కుకున్నాయని అర్థం. బాబాయ్ కూడా "నైట్రైట్ లేచిందిగా, ఇంక అమ్మోనియా దిగుతుందిలే" అన్నాడు. ఆయన అన్నట్టే నెమ్మదిగా దిగింది. పూర్తిగా పసుపైతే కాలేదు. ఇలా అడ్డంగా పారే మళ్లలో అమ్మోనియా మొత్తం పోదు, వేళ్లు దించే గాలి అంతటికీ చాలదు. అందుకే చివర పైపుని అడుగు ఎత్తు నుంచి ఒక చిన్న గుంటలోకి పడేలా చేశాం. పడేటప్పుడు గాలి కలుస్తుంది, గుంటలో ఎండ తగులుతుంది. రోగాలు తెచ్చే సూక్ష్మజీవుల్లో చాలావాటికి ఎండ పడదు. గుంటలో తామర వేసి, పరిగె చేప పిల్లల్ని వదిలాం.

రోహిణి కార్తె: ఎండ

మొక్కలు నడుమెత్తు దాటాయి. మధ్యాహ్నం అయ్యేసరికి బయటి పైపు చుక్కలు చుక్కలుగా కారుతోంది, రాత్రికి మళ్లీ ధార కడుతోంది. ఆ ఎండకు కిక్కిస తాగేది తాగుతోంది, ఆవిరయ్యేది అవుతోంది.

ఈ రోజుల్లోనే నీళ్లలో కరిగిన ఉప్పులు కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూశాను. బయటికి వచ్చే నీళ్లలో అంకె, లోపలికి వెళ్లే నీళ్ల కంటే ఎక్కువ చూపించింది. మీటరు తుడిచి మళ్లీ పెట్టాను, అదే. ఆలోచిస్తే అలాగే ఉండాలి. మొక్క నీళ్లు తాగి ఆవిరిగా వదులుతుంది, ఉప్పుని దాదాపుగా అక్కడే వదిలేస్తుంది. నీళ్లు తగ్గితే ఉప్పు చిక్కబడుతుంది. కాబట్టి ఈ మళ్లు జిడ్డుని, కుళ్లుని, నైట్రోజన్‌ని తీస్తాయి, ఉప్పుని తీయవు. మా బోర్లలో పడేవి అసలే ఉప్పు నీళ్లు. అరటి తట్టుకుంటుందో లేదో చూస్తున్నాం. పచ్చిగా తినే ఆకుకూరలకు ఈ నీళ్లు పెట్టడం లేదు.

కొల్లేరు విషయంలోనూ ఇది గుర్తుపెట్టుకోవలసిన సంగతి. ఎండాకాలం పైనుంచి నీళ్లు రాకపోతే ఉప్పుటేరు వెంబడి సముద్రపు నీళ్లు వెనక్కి ఎక్కుతాయి. ఆ ఉప్పుని ఏ కిక్కిసా ఆపలేదు. దానికి మందు పైనుంచి వచ్చే మంచినీళ్లే.

మృగశిర: భోజనాల రోజు

ఇంట్లో శుభకార్యం. చుట్టాలందరూ వచ్చారు, ఆకులు వేసి వడ్డించినా గుండిగలు, గరిటెలు, డేగిసాలు అన్నీ పెరట్లోనే కడిగారు. స్నానాలకే గుక్కతిప్పుకోకుండా మోటారు నడిచింది. రోజుకు 350 లీటర్లనుకున్న మడికి ఆ ఒక్క రోజే మూడింతలకు పైగా వచ్చి ఉంటాయి. మర్నాడు మధ్యాహ్నానికే బయటికి వచ్చే నీళ్లు పాల విరుగుడు రంగు తిరిగాయి. ముందు వైపు రాళ్ల దగ్గర కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. రాయి ఎత్తి చూస్తే అడుగున నల్లగా ఉంది. తిండి ఒక్కసారిగా మీద పడితే బ్యాక్టీరియా ఉన్న గాలంతా వాడేస్తాయి. గాలి అయిపోయాక గంధకం మీద బతికే రకం లేస్తుంది. ఆ వాసన వాటిది.

మేం చేసింది జిడ్డు తొట్టి ఖాళీ చేయడం, రెండు రోజులు బట్టలు ఉతకడం ఆపడం. అంతే. రసాయనాలేవీ పోయలేదు. బ్లీచింగో ఫినాయిలో పోస్తే వాసనతో పాటు పనిచేసే జీవులన్నీ పోతాయి. వారం తిరిగేలోగా పత్రిక అక్షరాలు మళ్లీ కనిపించాయి.

ఈ మొత్తం పనిలో నాకు బాగా అర్థమైన రోజు ఇదే. మొక్కలవే, రాళ్లవే, పాకుడూ అదే. మారింది ఒక్కటే, నీళ్లు లోపల ఉన్న సేపు. మూడున్నర రోజులు ఉండాల్సిన నీళ్లు ఒక్క రోజులో బయటికి నెట్టుకొచ్చాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచినప్పుడు ఆ వరదంతా కిందికి దిగింది కొల్లేరులోకే. అంత నీళ్లు వచ్చినా నిదానించాలంటే సరస్సు లోతు తక్కువగా, విశాలంగా, గడ్డితో ఉండాలి. అంచులు ఎంత దూరమైనా పరుచుకోగలగాలి. గట్లు కట్టి చేపల చెరువులు చేస్తే నీళ్లు పరుచుకునే చోటు పోతుంది. చెరువు లోపల నీళ్లు నిలువెత్తు లోతున విడిగా ఉంటాయి, మిగిలిన నీళ్లు గట్ల మధ్య సందుల్లోంచి ఉరుకుతాయి. కిక్కిస మధ్య తచ్చాడే అవకాశం వాటికి ఉండదు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ప్రభుత్వం ఆ గట్లు పేల్చేసింది. ఆ తర్వాతా గట్లు లేచిన సంగతి ఇక్కడి వాళ్లందరికీ తెలుసు. చేపల మీద బతికే ఇళ్లు ఎన్నో ఉన్నాయి, మా చుట్టాలవీ ఉన్నాయి. వాళ్ల బతుకు తీసిపారేయమని నేనెప్పుడూ అనను. కానీ సరస్సు అంచున ఆ పల్లపు గడ్డి మేర ఎంత తగ్గితే, మన మురుగుని మనమే తాగే రోజు అంత దగ్గరవుతుందని మాత్రం ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

పుష్యమి కార్తె: వానలు, వచ్చి చేరినవాళ్లు

వాన నీళ్లు పెరట్లోంచి మడిలోకి జారకుండా చుట్టూ ఇటుక వరస పెంచాం. పైన నేరుగా పడే వానకి ఏమీ కాలేదు.

పక్కింటి పిన్ని ఒక సాయంత్రం వచ్చి, "దోమలు ఎక్కువయ్యాయి, నీ మడి వల్లేనేమో చూడమ్మా" అని మా అమ్మతో అంది. ఆవిడ అడగడం న్యాయమే. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. తెల్ల గిన్నె తీసుకుని ఇద్దరం కలిసే వెతికాం. మడిలో ముంచడానికి నీళ్లే పైకి లేవు. గుంటలో ముంచితే నీటి పురుగులు, నత్త పిల్లలు వచ్చాయి, దోమ పిల్లలు రాలేదు, పరిగెలు మిగలనివ్వడం లేదు. పిన్నివాళ్ల గోడ పక్కన పాత టైరులో మాత్రం గిన్నె నిండా దొరికాయి. టైరు బోర్లించేశాం.

గుంట దగ్గరికి ఎవరినీ పిలవలేదు, అందరూ వచ్చారు. ముందు తూనీగలు. వాటి పిల్లలు నీళ్లలోనే పెరుగుతాయి, దోమ పిల్లల్ని వేటాడతాయి. తర్వాత కప్పలు, రాత్రి పడుకోనివ్వనంత గోల. నత్తలు బహుశా జమ్ము వేళ్లతో వచ్చి ఉంటాయి. రాళ్ల మీద పాకుడు గీకి తింటూ తిరుగుతున్నాయి. పరిగెలు కనిపెట్టి లకుముకిపిట్ట రావడం మొదలెట్టింది, అరటాకు మీద కూర్చుని ఒక్క ఉదుటున దూకుతుంది. దాని వాటా దానికి వదిలేశాం.

మా సబ్బు నీళ్లలో ఉన్నది బ్యాక్టీరియా తిన్నాయి. బ్యాక్టీరియాని కంటికి కనిపించని జీవులు తిన్నాయి, వాటిని పురుగులు, పురుగుల్ని చేప, చేపని పిట్ట. నీళ్లు శుభ్రం కావడం వేరు, జీవాలు బతకడం వేరు అనుకునేవాణ్ణి. పెరట్లో చూస్తే రెండూ ఒకే పని. ఆటపాక దగ్గర పడవెక్కి గూడబాతుల్ని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అటవీ శాఖ వాళ్లు నీళ్లలో పెట్టిన ఇనుప స్టాండ్ల మీద అవి గూళ్లు కట్టుకుని, పిల్లల నోటికి చేపలందిస్తుంటాయి. ఆ చేప ఒంట్లో ఏ ఊరి మురుగు కాలువ ఎరువు ఉందో మరి. సరస్సు దాన్ని చేపగా, పిట్టగా మార్చగలిగినంత కాలం మనకు ఇబ్బంది లేదు. మార్చగలిగేదానికి మించి పంపితేనే నాచు కమ్ముకుని, రాత్రిళ్లు ఆక్సిజన్ పడిపోయి, తెల్లారేసరికి చేపలు తేలతాయి. ఆక్వా రైతులు తెల్లవారుజామున ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిప్పేది ఆ భయంతోనే.

హస్త కార్తె: కోత

ఫాస్ఫరస్ సంగతి ఇంతవరకూ రాయలేదు. నైట్రోజన్‌లా అది గాలిలోకి పోదు. రాయికీ మట్టికీ ఉన్న ఇనుము, సున్నం లాంటివాటికి అతుక్కుంటుంది, కొంత మొక్క ఒంట్లో చేరుతుంది. రాయికి అతుక్కునే చోటు కొన్నేళ్లకు నిండిపోతుంది. మొక్క ఎండి అక్కడే పడితే తీసుకున్నది మళ్లీ నీళ్లకే ఇస్తుంది. కాబట్టి కోసి బయటికి తీయాలి. కిక్కిసని జానెడు ఎత్తున వదిలి కొడవలితో కోశాం. రెండు పెద్ద మోపులొచ్చాయి. ఒకటి పాదు పందిరికి, ఒకటి తరిగి అరటి మొదళ్లలో. జమ్ము ఆకులు గేదె మూతి పెట్టలేదు, కంపోస్టులో వేశాం.

వెనకటికి కొల్లేటి ఊళ్లలో పాకల కప్పులకీ తడికెలకీ కిక్కిస, చాపలకు తుంగ కోసుకునేవాళ్లు. ఆ కోతతో పాటే ఎన్ని బళ్ల ఎరువు సరస్సులోంచి బయటికి వచ్చేదో కదా అనిపించింది, మోపులు మోస్తుంటే.

ఇప్పటి పరిస్థితి ఇది: అమ్మోనియా గొట్టం లోపలి నీళ్లకి ముదురాకుపచ్చ, మడి చివర లేతాకుపచ్చ, గుంటలో పసుపు. నైట్రైట్ గుంటలో కనిపించడం లేదు. అరటి గెల వేసింది. ఆకుల అంచులు కొంచెం మాడుతున్నాయి, అది ఉప్పు ప్రభావమనే నా అనుమానం, వాన నీళ్లు కలిపి పెట్టి చూడాలి. ముందు వైపు అడుగున్నర రాళ్లు ఏడాదికోసారి తీసి కడగాల్సి వచ్చేలా ఉంది.

తర్వాతి పని ఊరి బడిలో. మధ్యాహ్న భోజనం గిన్నెలు, పిల్లల చేతులు కడిగిన నీళ్లు గేటు ముందే మడుగు కడుతున్నాయి. 120 మంది పిల్లలకు మనిషికి 10 లీటర్లు వేసుకుంటే రోజుకు 1,200 లీటర్లు. అదే మూడున్నర రోజుల లెక్కతో 24 అడుగుల పొడవు, తొమ్మిదిన్నర అడుగుల వెడల్పు మడి కావాలి. సెలవుల్లో నీళ్లు రాకపోయినా అడుగున తడి ఉంటుంది, కిక్కిస చావదు. జాగా హెడ్మాస్టారు చూపించారు, గేటు పక్కన వేపచెట్టుకి ఇవతల. చెట్టు వేళ్లు షీటుని చీల్చకుండా ఆరడుగులు ఎడం వదిలి ముగ్గు పోశాం. షీటు కొనాలి, ఈసారి మిగులు ముక్క చాలదు. దుంపలు మాత్రం మా మడిలోవే తీసి ఇస్తాను, సంక్రాంతి సెలవుల్లో తవ్వకం.